ముద్ద ముట్టని చేప

ఊరెళ్లిన కోడలు తిరిగి వచ్చే పొద్దు రానే వచ్చింది. చేప మాత్రం ఇంకా ముద్ద ముట్టలేదు.

కాకినాడలో తల్లికి కంటి ఆపరేషన్ అంటే దగ్గరుండి చూసుకోవడానికి దివ్యశ్రీ బయల్దేరిన రోజు కమలకు బాగా గుర్తు. వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల బీరువా తాళాలు ఇవ్వలేదు, నగల పెట్టె దాచమనలేదు. హాల్లో కిటికీ వారన ఉన్న ఉప్పునీళ్ల అద్దాల తొట్టి ముందుకు తీసుకెళ్లి, "అత్తయ్యగారూ, దీన్ని మీకు అప్పజెప్తున్నానండీ" అంది. కొడుకు సిద్ధార్థ్ ఆఫీసు పనిమీద పుణెలో ఉన్నాడు. ఊళ్లో ఉన్నా అతనికి అప్పజెప్పేది కాదేమో. అతనికి తులసికోటకు నీళ్లు పోయడమే గుర్తుండదు.

పెళ్లయి ఈ నాంపల్లి ఇంటికి వచ్చినప్పటి నుంచి అత్తాకోడళ్ల మధ్య ఒక్క పోట్లాట లేదు. ఆ మాటకొస్తే మాటలే లేవు. "టీ పెట్టనా అండీ?" "పెట్టు." "కరెంటు బిల్లు కట్టేశానండీ." "మంచిది." అంతే. కోడలు కోఠిలో రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఏదైనా సరే కొలిచి చూస్తే గాని నమ్మదు. కమల జీవితంలో కొలత చెంచా పట్టింది లేదు. ఉప్పయినా కారమయినా చేతి అందాజే. ఇద్దరికీ ఎక్కడ కలుస్తుంది?

అలాంటిది ఈ ఇంట్లో ఆ పిల్ల తనను నమ్మి చేతిలో పెట్టిన మొదటిది ఈ తొట్టి. అందులో కొత్తగా చేరిన ఆ చేప పోతే, ఒక్క చేప పోయినట్టు కాదని కమలకు తెలుసు.

మొదట్లో ఆమె దానిమీద మనసు పెట్టలేదు. అరచేయంత ఉంటుంది. వెండి రేకులాంటి ఒళ్లు, దానిమీద నిలువునా నారింజ రంగు పట్టీలు. మూతి ముందుకు సాగి, భర్త బాలకిషన్ ఆబిడ్స్‌లోని తన కళ్లజోళ్ల దుకాణంలో చిన్న చిన్న స్క్రూలు పట్టుకునే సన్నమూతి పటకారులా ఉంటుంది. వెనక రెక్క మీద నల్లగా, గుండ్రంగా ఇంకో కన్ను. అది అబద్ధపు కన్నట. దాన్ని తినవచ్చిన పెద్ద చేప తల ఎటుందో తెలీక తోక మీద పడితే ఇది ఎదురుదిక్కుకు జారుకుంటుందట. కోడలు చెప్పినప్పుడు కమల ఊఁ కొట్టి ఊరుకుంది. కోడలు వెళ్లాక ఒక పొద్దున స్నానానికి పోతూ తొట్టి దగ్గర ఆగింది. చేప రాళ్ల మధ్య నుంచి ఇవతలికి వచ్చి, అద్దానికి అవతల ఆమె ముఖానికి ఎదురుగా నిలబడింది. రెక్కలు కదులుతున్నాయి, చేప కదలడం లేదు. అసలు కన్నుతో ఆమెనే చూస్తోంది.

కమల సముద్రం చూడలేదు. నాంపల్లిలో పుట్టింది, నాంపల్లిలోనే మెట్టింది. ట్యాంక్‌బండే ఆమెకు తెలిసిన పెద్ద నీళ్లు. ఎక్కడో పగడపు రాళ్ల సందుల్లో తిరిగిన ప్రాణం, ఆటోల మోతా మిర్చి బజ్జీల వాసనా వచ్చే ఈ గల్లీలోకి వచ్చి, తనను ఇంత తీరిగ్గా చూస్తోందా అనుకుంటే ఆమెకు ఒళ్లు జలదరించింది. ఆ రోజు స్నానం ఆలస్యమైంది. ఆ తర్వాత రోజూ ఆలస్యమవుతూనే వచ్చింది.

తర్వాత అది తిండి మానేసింది. మొదట్లో రాళ్ల సందుల్లో ముక్కు పెట్టి ఏవో పురుగులు ఏరుకునేది. అదీ పోయింది. శ్రావణమాసం; ఇంట్లో నీచు వండరు. అయినా కమల ఫ్రిజ్ పై అరలో కోడలు పెట్టి వెళ్లిన రొయ్య తునకలు తీసి నీళ్లలో ఆడించేది, చేప మొహం తిప్పుకునేది, ఆమె మళ్లీ తలస్నానం చేసి దేవుడి గదిలోకి వెళ్లేది.

"చేపకన్న నువ్వే ఎక్కువ నీళ్లల్ల ఉంటున్నవ్ గదనే!" అని బాలకిషన్ నవ్వేవాడు. కమలకు నవ్వు రాలేదు. ఫోన్లో కోడలు అడిగినప్పుడల్లా "మంచిగనే ఉంది" అంటూ వచ్చింది.

ఇవాళ ఆ మాట నిలబడదు.

దివ్యశ్రీ నాంపల్లి స్టేషన్‌లో దిగి నడిచే వచ్చింది. భుజాన సంచి, చేతిలో తాళ్లు కట్టిన థర్మోకోల్ పెట్టె. చెప్పులు విడిచి, పెట్టె కింద పెట్టి, "మామయ్యగారు దుకాణానికి వెళ్లిపోయారా?" అంటూనే తొట్టి వైపు చూసింది. ఆ తర్వాత జవాబు వినలేదు. వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది.

చేప మూల రాయి నీడలో ఉంది. దాని పొట్ట కింద వంపు లోపలికి పోయి, తల వెనక సన్నటి గీత పడింది. అద్దానికి అతుక్కుని తిరగాల్సిన నత్తలు ఇసుకలో పడి ఉన్నాయి. విసనకర్రల్లా విచ్చుకునే ఈకల పురుగులు గొట్టాల్లోకి ముడుచుకుపోయాయి.

"అత్తయ్యగారూ, ఇది ఎప్పట్నుంచి తినట్లేదండీ?"

"వారం దాటింది బిడ్డా."

"మరి రోజూ బాగుందన్నారు కదండీ!"

"మీ అమ్మ దవాఖాన్ల ఉండె. గాడ కూసొని నువ్వు దీని ఫికర్ ఏం జేస్తవని చెప్పలే."

దివ్యశ్రీ పెదవి బిగించింది. కోపం వచ్చినప్పుడు ఆ పిల్ల అరవదు, పనిలో పడుతుంది. తొట్టి కింద అరలోంచి పరీక్షల డబ్బా తీసింది. గాజు గొట్టాల్లోకి నీళ్లు తోడింది, చుక్కలు వేసింది, వెలుగుకు ఎత్తి చూసింది. ఉప్పు సరిగానే ఉంది. వేడి సరిగానే ఉంది. "నీళ్లు తెల్లగానే ఉన్నాయి, మురుగు లేదు..." అని తనలో తనే అనుకుంటోంది. కమలకు తన పరీక్ష పేపరు తన ఎదుటే దిద్దుతున్నట్టుంది. ప్రయాణం చేసి వచ్చిన పిల్ల మంచినీళ్లయినా తాగలేదని, ఏదో ఒకటి చేయాలని వంటింట్లోకి వెళ్లింది. ఎలాగూ తొట్టిలో ఆవిరై తగ్గిన మేరకు, అద్దం మీది గీత దాకా ఫిల్టర్ నీళ్లు పోసే వేళ అయింది. అదీ కానిచ్చేస్తే ఒక పని తప్పకుండా చేశానని అయినా ఉంటుంది.

ఆమె తిరిగి వచ్చేసరికి దివ్యశ్రీ చివరి గొట్టం పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంది. గొట్టంలో నీళ్లు లేత నీలంగా మారుతున్నాయి.

"ఇది అవ్వడానికి వీల్లేదు," అంది దివ్యశ్రీ. "రాగి. ఈ నీళ్లలోకి రాగి ఎక్కణ్నుంచి..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఆ పిల్ల కళ్లు అత్తగారి నడుము దగ్గర నిలిచాయి. కమల ఎడమ చంకన బిందె. చింతపండు పెట్టి తోమిన రాగి బిందె, కిటికీ ఎండకు కొత్త పైసలా మెరిసిపోతోంది. ఆమె బిందె దించి, చెంబుతో నీళ్లు ముంచి, తొట్టి పైకి చెయ్యెత్తింది.

"పొయ్యకండి!"

ఆ ఇంట్లో దివ్యశ్రీ గొంతు అంత పైకి లేవడం అదే మొదలు. చెంబులో నీళ్లు తొణికి కమల చీర మీద పడ్డాయి.

"ఏంది గట్ల అరుస్తవ్?"

"రోజూ దీంతోనే పోశారా?"

"ఇంక దేంతోని పోయాలె? నువ్వు చెప్పిన ఫిల్టర్ నీళ్లే. ముందటి దినం రాత్రి బిందెల నింపి పెట్టి, పొద్దుగాల గీత దాంక పోస్తున్న. ఒక్క దినం తప్పలే."

"నేను తెల్ల క్యాన్‌తో పొయ్యమన్నాను కదండీ. కేవలం ఆ క్యాన్‌తోనే."

"ఆ ప్లాస్టిక్ డబ్బానా? దాని మూతి సూసినవా? ఫినాయిల్ డబ్బా లెక్క ఉంది. గా నీళ్లు పోయబుద్ధి గాలే నాకు."

దివ్యశ్రీ గొట్టాన్ని కిటికీ గట్టు మీద పెట్టింది.

"రాగి వాటికి పడదండీ. ఆ నత్తలకి, ఆ పురుగులకి కొంచెం తగిలితే చాలు, ప్రాణం పోతుంది. చేపకి ఆకలి చచ్చిపోతుంది. అది తినకపోవడం కాదు, తినలేకపోతోంది. ఫిల్టర్ నీళ్లలో ఇంకేమీ ఉండదు కాబట్టి అవి లోహాన్ని ఇంకా ఎక్కువ లాగుతాయి. పైగా మీరు దాన్ని రోజూ చింతపండుతో తోమారు..."

"అంటే? నేను ఇషం పోసిన్నంటవా?"

"విషం అనలేదండీ."

"నోటితోని అనలే. నీ మొహం అంటున్నది. గింత తోమి, గింత కడిగి, మడితోని నింపిన నీళ్లు! మా అత్త నా చేతుల పెట్టిన బిందె ఇది. గిండ్ల నీళ్లు దేవునికి వోస్తం, ఇంటికి కొత్తగ వొచ్చినోళ్లకు ఇస్తం. ఎవరికి వడితే వాళ్లకు ముంచియ్యం. అది కొత్తగ వొచ్చింది, యాడనో సముద్రం ఇడిసిపెట్టి మన ఇంటికొచ్చింది, దానికి మంచి నీళ్లు వోద్దామనుకున్న. అనుకునుడు తప్పా?"

కమల చెంబును బిందె మీద బోర్లించి గోడవైపు తిరిగింది. తొట్టి మోటారు చిన్నగా గొణుగుతోంది.

వెనక నుంచి దివ్యశ్రీ అడిగింది. "ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లకి ఆ నీళ్లేనా అండీ?"

"ఔ."

"పెళ్లయి వచ్చిన రోజు గడపలో నాకు ఇచ్చింది..."

"గవే."

"రోజూ రాత్రి నా మంచం పక్కన చెంబు పెడతారు కదా. అవి?"

"గవే గద. ఇంక ఏడివనుకున్నవ్? నల్లా నీళ్లనుకున్నవా?"

కమల తిరిగి చూసింది. కోడలి ముఖంలో కోపం ఉన్నచోట ఇప్పుడు ఏముందో ఆమెకు అర్థం కాలేదు. ఆ పిల్ల రోజూ రాత్రి నిద్ర మధ్యలో లేచి చెంబు ఎత్తుకుని తాగుతూనే ఉంది. ఎందులోంచి నింపుతున్నారో అడగలేదు. కమల చెప్పలేదు. ఇలాంటివి చెప్పుకోవాల్సినవని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

"మనకి మంచివే అవి," అంది దివ్యశ్రీ మెల్లగా. "దానికి మాత్రం కాదు. మీరు కావాలని చేశారని నేను అనుకుంటే నా కళ్లు పోతాయండీ. అరిచాను. తప్పే."

"సరే సరే. గదంతా తర్వాత. ముందుగాల అది బతుకుతదా లేదా, గది చెప్పు."

దివ్యశ్రీ తొట్టి వైపు చూసింది. ఆమెలోని ల్యాబ్ మనిషి మళ్లీ బయటికొచ్చింది. "నీళ్లు మారిస్తే సరిపోదండీ. ఈ రాళ్లు, ఈ ఇసుక ఇన్ని రోజులూ రాగిని తాగేసి ఉంటాయి. కొత్త నీళ్లు పోసినా మళ్లీ కొంచెం కొంచెం వదుల్తూనే ఉంటాయి. ఈ తొట్టి ఇంక దానికి పనికిరాదు. బాల్కనీ డ్రమ్ములో నేను కలిపి ఉంచిన ఉప్పునీళ్లున్నాయి కదా, వాటి మూత తియ్యలేదు కదా మీరు?"

"నువ్వు తియ్యద్దంటివి. తియ్యలే."

"హమ్మయ్య. టబ్బులో ఆ నీళ్లు పోసి దాన్ని అందులోకి మార్చేద్దాం. సాయంత్రం వరకూ ఆగుతుంది. ఆ తర్వాత దానికి పాత నీళ్లు, పాత రాళ్లు ఉన్న తొట్టి కావాలి. ఈ చుట్టుపక్కల అలాంటిది ఒక్కళ్ల దగ్గరే ఉంది."

ఎవరి దగ్గరో కమల అడగలేదు. అడగక్కర్లేదు. గన్‌ఫౌండ్రీలో ఉండే వరప్రసాద్. దివ్యశ్రీకి బాబాయి వరస. బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. ఈ పిల్లకు ఉప్పునీళ్ల చేపల పిచ్చి అంటించింది ఆయనే. ఆయన ఇంట్లో గోడ పొడుగునా తొట్టి ఉందని కమల విన్నదే గాని చూడలేదు. చూసే వీల్లేదు.

పెళ్లి రిసెప్షన్‌లో వరప్రసాద్ మైకు పుచ్చుకుని రెండు వైపుల వాళ్లనూ నవ్వించబోయాడు. అందరి మీదా జోకులు వేస్తూ వేస్తూ బాలకిషన్ దగ్గరికి వచ్చి, ఆయన గొంతు పెట్టి, ఆయన యాసలో ఆయనలాగే మాట్లాడి చూపించాడు. ఆడపెళ్లివారు కడుపులు పట్టుకుని నవ్వారు. విస్తరి ముందు కూర్చున్న బాలకిషన్ కలిపిన అన్నం కలిపినట్టే వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు. ఇంటికి వచ్చాక ఒకే మాట అన్నాడు. "గా మనిషి గడప మనింటోళ్లెవ్వలు తొక్కొద్దు." ఆయన మామూలుగా ఏ మాటనైనా రేపటికి మరిచిపోయే మనిషి. ఆ ఒక్కటీ మరిచిపోలేదు. వరప్రసాద్ కబురు మీద కబురు పెట్టినా కరగలేదు.

"ఫోన్ చెయ్యనా వద్దా అండీ?" దివ్యశ్రీ ఫోను చేతిలో పట్టుకుని అత్తగారి ముఖమే చూస్తోంది. "మీరు చెప్తేనే చేస్తాను."

కమల చేప వైపు చూసింది. రాతి నీడలో దాని మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి.

"చెయ్యి. మీ మామయ్య అన్నానికి వచ్చెటందుకు ఇంక మస్తు టైముంది."

టబ్బు కడిగారు. డ్రమ్ము నీళ్లు తోడి పోశారు. గాలి బుడగల గొట్టం వేశారు. ఇప్పుడు చేపను పట్టాలి. వల వేస్తే వీపు ముళ్లు ఇరుక్కుంటాయని దివ్యశ్రీ పెద్ద గాజు సీసా ముంచి, రెండో చేత్తో అదిలించింది. అది ఒక రాతి వెనక నుంచి ఇంకో రాతి వెనక్కి దూకింది. ఉన్న కాస్త ఓపిక కూడా అలా దూకడానికే ఖర్చుచేస్తోంది. దివ్యశ్రీ చెయ్యి మోచేతి దాకా తడిసింది. మూడోసారి చేప గాజుకు తగిలి పక్కకు ఒరిగింది.

"నువ్వు జర పక్కకు జరుగు బిడ్డా."

"మీకు అలవాటు లేదండీ..."

"జరుగమంటున్న గద."

కమల సీసాను నీళ్లలోకి దించి, మూతి రాళ్ల వైపు తిప్పి, అలా పట్టుకుని ఊరుకుంది. అదిలించలేదు, కదిలించలేదు. తన ముఖాన్ని అద్దానికి దగ్గరగా పెట్టింది, రోజూ స్నానానికి ముందు పెట్టినట్టే. "రా తల్లీ," అంది. "గీడ ఉండకు. రా."

చేప నీడలోంచి బయటికి వచ్చింది. ఒరిగిన ఒంటిని నిలబెట్టుకుని, ఆ ముఖానికి ఎదురుగా రావడానికి అలవాటైన దారినే వచ్చింది. దారిలో సీసా ఉంది. అది సీసాలోకి వచ్చి ఆగింది. అసలు కన్నుతో ఆమెను చూసింది.

సీసాను టబ్బులో తేలేసి, కొత్త నీళ్లు సన్నటి గొట్టంతో బొట్టు బొట్టుగా అందులోకి వదిలారు. ఒక నీటి నుంచి ఇంకో నీటికి ఒక్కసారిగా మారితే తట్టుకోలేదట. గొట్టం చివర నొక్కి పట్టుకునే పని కమలది. వేళ్లు తిమ్మిరెక్కాయి. ఆమె మార్చుకోలేదు. సీసా నిండి, చేప తనంతట తాను టబ్బులోకి ఈదే దాకా అలాగే పట్టుకుంది.

అప్పుడు దివ్యశ్రీ కాకినాడ పెట్టె విప్పింది. తడి గోనెపట్టా, దాని కింద నల్లగా మెరిసే చిప్పలు.

"ఏందివి?"

"ఆలిచిప్పలండీ. బతికినవే. ఇది అన్నిటికన్నా వీటినే ఇష్టంగా తింటుంది. అసలు దీనికోసమే రాత్రంతా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను." చాకు మొనతో ఒక చిప్ప సందు తెరిచింది. లోపల నారింజ రంగు మెత్తని కండ. తెరిచిన చిప్పను నీళ్లలో పెట్టి దించింది. చేప వెనక్కి వెళ్లిపోయి టబ్బు అంచుకు ఆనుకుంది. దివ్యశ్రీ కాసేపు ఆగి మళ్లీ ముందుకు జరిపింది. అది ఇంకో మూలకు పోయింది.

"నా చెయ్యి మర్చిపోయింది," అంది దివ్యశ్రీ. నవ్వబోయింది గాని అది నవ్వులా రాలేదు. చిప్పను అత్తగారి వైపు చాచింది.

శ్రావణ శుక్రవారం. కమల తలస్నానం చేసి, దీపం పెట్టి, పసుపు రాసుకున్న చేతులవి. ఆమె ఒక్కసారి దేవుడి గది వైపు చూసింది. చిప్ప అందుకుంది.

నీళ్లలోకి చెయ్యి దించి రెండు వేళ్ల మధ్య చిప్పను పట్టుకుంది. ఉప్పునీరు గాజుల దాకా వచ్చింది. ఏమీ జరగలేదు. గల్లీలో ఎవరో కూరగాయల బండిని ఆపి బేరమాడుతున్నారు. వినాయకుడి మండపానికి చందా అడిగే పిల్లలు కింద తలుపు కొట్టి వెళ్లిపోయారు. కమల కదల్లేదు.

చేప మూలలోంచి వచ్చింది. చిప్పకు జానెడు దూరంలో ఆగి, ఒక పక్కకు వాలి, ఒక కన్నుతో చూసింది. ఇంకో పక్కకు వాలి రెండో కన్నుతో చూసింది. ఆ సన్నటి మూతిని చిప్ప సందులో పెట్టి, తీసేసింది. మళ్లీ పెట్టింది. టక్కుమని లాగింది.

ఆ లాగు కమల వేళ్లకు తెలిసింది. పెళ్లికాకముందు నాగుల పంచమికి ఊయల తాడును ఎవరో దూరం నుంచి మెల్లగా గుంజినట్టు. ఇంత చిన్న ప్రాణి ఇంత దూరం వచ్చి తన వేలిని పట్టి లాగింది. చేప మళ్లీ లాగింది, ఇంకోసారి, ఇంకోసారి. ఒక్కో లాగుకూ నారింజ రంగు కండ తగ్గుతోంది. కిటికీ ఎండ టబ్బు అడుగున పడి, దాని ఒంటి మీది వెండి వెలుగు కమల మణికట్టు మీద ఆడుతోంది.

"తింటున్నది," అంది కమల గుసగుసగా. "దివ్యా, తింటున్నదే!"

దివ్యశ్రీ నేలమీద చతికిలబడి రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ పిల్ల భుజాలు కదులుతున్నాయి. కమల తడి లేని చేత్తో కోడలి తల మీద తట్టింది. "ఏడుస్తవేంది పిచ్చిదానా! ఇంకోటి తెరువు, జల్ది. ఆకలి మీదుంది."

మూడో చిప్ప సగం అయ్యేసరికి బెల్లు మోగింది.

దివ్యశ్రీ తలుపు తీసింది. గుమ్మం అవతల వరప్రసాద్, చేతిలో మూతపెట్టె, ముఖం నిండా చెమట. మెట్లెక్కి వచ్చిన ఆయాసం తీర్చుకుంటూ కూడా ఆయన గడపకు అవతలే నిలబడ్డాడు. మైకు పట్టుకున్న మనిషి ఈయనేనా అనిపించేంత చిన్నగా అడిగాడు. "చెల్లెమ్మగారూ, లోపలికి రావచ్చా అండీ?"

కమల చెయ్యి నీళ్లలో ఉంది, చేప వేలిని వదలడం లేదు. లేచి పలకరించే వీల్లేదు, మొహం తిప్పుకునే వీలూ లేదు.

"రాండ్రి అన్నా," అంది. "చప్పుడు జేయకుండ్రి."

ఆయన మునివేళ్ల మీద వచ్చి టబ్బు పక్కన కూర్చున్నాడు. చూశాడు. పెట్టె సంగతే మరిచిపోయాడు. "ఒరేయ్ దివ్యా..." అని మాత్రం అన్నాడు. తర్వాత ఒక చిప్ప తీసుకుని తన చేత్తో దించాడు. చేప కమల వేళ్ల వెనక్కి పోయి దాక్కుంది. ఆయన చెయ్యి తీసేశాక మళ్లీ ముందుకొచ్చింది. ఇంకోసారి ప్రయత్నించాడు. మళ్లీ అంతే.

"నా దగ్గర ఇలాంటివి ఎన్నో తిండి మానేసి చనిపోయాయి," అన్నాడు. "మంచి నీళ్లు, మంచి రాళ్లు, అన్నీ ఉండీ పోయాయి. చేతికి ఇలా వచ్చింది నేను చూళ్లేదమ్మా." పెట్టె వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "సాయంత్రం లోపల దీన్ని మా తొట్టిలో వెయ్యాలి, తప్పదు. కానీ ఇది ఒక్కటే వస్తే లాభం లేదు. కొత్తచోట బెదిరి మళ్లీ నోరు కట్టేసుకుంటుంది. ఈసారి అంత ఓపిక దాని ఒంట్లో లేదు. చెల్లెమ్మగారూ, మీరూ రావాలి. అది కుదురుకునే దాకా పూటపూటా మీ చేత్తోనే పెట్టాలి. మా ఇంటికొచ్చి."

ఆఖరి మాట దగ్గర ఆయన గొంతు తగ్గింది. అడుగుతున్నది ఏమిటో ఆయనకూ తెలుసు.

నాంపల్లి నుంచి గన్‌ఫౌండ్రీకి ఆమె నడిచే దారి ఆబిడ్స్ మీదుగానే. ఆబిడ్స్‌లో ఆ దారి కళ్లజోళ్ల దుకాణం ముందు నుంచే. రోజుకు ఎన్నిసార్లు వెళ్తే అన్నిసార్లు, కౌంటర్ వెనక కూర్చున్న ఆయన కళ్లముందు నుంచే. దాటేసి వెళ్లడానికి ఇంకో దారి ఉన్నా, ఆయనకు చెప్పకుండా దాటే మనిషి కాదు కమల.

దివ్యశ్రీ నేల చూపులు చూస్తోంది.

నీళ్లలో చేప చిప్ప ఖాళీ చేసి, చూపుడువేలి కొనను ముక్కుతో మెల్లగా తట్టింది. ఇంకా ఉందా అని అడిగినట్టుగా.

"పొద్దుగాల ఎన్నింటికి రావాలె, అన్నా?" అంది కమల.

వరప్రసాద్ నోరు తెరిచాడు గాని, మాట ఆయన నుంచి రాలేదు. తెరిచి ఉన్న తలుపు అవతల, మెట్ల మీద నుంచి వచ్చింది.

"ఏడికి, కమలా?"

ముగ్గురూ తలతిప్పారు. మధ్యాహ్నం అన్నానికి వచ్చిన బాలకిషన్ గడపలో నిలబడి ఉన్నాడు. ఒక చెప్పు విడిచాడు, రెండోది ఇంకా కాలికే ఉంది. ఆయన చూస్తున్నది భార్యను కాదు. తన హాలు మధ్యలో, తన ఇంటి నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న వరప్రసాద్‌ను.